రెండో రిమోట్ ఎవరి చేతిలో ఉంది? పాత టీవీ గేమ్ నుంచి పీఎస్5 దాకా

ఎర్ర_ప్యాంటు
డిసెంబర్ 27, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా మనసులో నలుగుతున్న మాట ఇది. కొంచెం పెద్దగానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

మాది నరసరావుపేట. 1996 వేసవి సెలవుల్లో నాన్న గుంటూరు నుంచి టీవీ గేమ్ తెచ్చారు. నింటెండో అనే కంపెనీ పేరే అప్పుడు మాకు తెలియదు. జపాన్‌లో 1983లో వాళ్లు తెచ్చిన ఫ్యామికామ్ అనే కన్సోల్‌కి మా డబ్బా ఒక నకలు అని తెలిసింది చాలా ఏళ్ల తర్వాత. ఒక డబ్బా, రెండు రిమోట్లు, ఒక తుపాకీ, 9999 ఆటలు అని రాసి ఉన్న పసుపు క్యాసెట్, అంతే మాకు తెలిసింది. లోపల ఉన్నవి పది పన్నెండు ఆటలే, అవే పేర్లు మార్చుకుని, స్టేజీ మార్చుకుని మళ్లీ మళ్లీ వచ్చేవి. అయినా ఆ పదీ మాకు ఏడాదంతా సరిపోయాయి.

మొదటి రిమోట్ అక్కది, పెద్దది కాబట్టి. రెండోది నాది. దానికి స్టార్ట్, సెలెక్ట్ బటన్లు ఉండవు, అంటే ఆట మొదలుపెట్టాలన్నా ఆపాలన్నా అక్కే నొక్కాలి. కాంట్రా అనే తుపాకుల ఆటలో అక్క నీలం ప్యాంటు, నేను ఎర్ర ప్యాంటు. ఆడినవాళ్లకి మూడో స్టేజీ జలపాతం గుర్తుండే ఉంటుంది. అక్కడ స్క్రీన్ పక్కకి జరగదు, పైకి జరుగుతుంది. ఇద్దరిలో ఒకరు గబగబా ఎక్కేస్తే స్క్రీన్ వాళ్లతో పాటే పైకి పోతుంది, వెనకబడ్డవాడు కింది అంచు దాటి చచ్చిపోతాడు, ఎవరూ కాల్చక్కర్లేదు. మొదటి వారమంతా నేను అక్కడే చచ్చాను. "ఆగవే అక్కా" అని అరిచేవాణ్ణి. తర్వాత తర్వాత అక్క ఏం చేసేదంటే, ఒక రాయి మీదికి దూకి, కింద బటన్ నొక్కి పట్టుకుని అక్కడే పడుకునేది. నేను పక్క రాయి ఎక్కేదాకా కదిలేది కాదు. నా వైపు చూసేది కూడా కాదు, స్క్రీన్ మీద నా ఎర్ర ప్యాంటు కనపడగానే లేచి దూకేది. ఆ వేసవిలోనే ఎనిమిది స్టేజీలూ పూర్తిచేశాం.

ఇప్పుడు ఇంట్లో సోనీ వాళ్ల కన్సోల్ పీఎస్5 ఉంది. 2021 ఫిబ్రవరిలో మన దేశంలోకి వచ్చినప్పుడే కొన్నాను. కన్సోల్ 49,990, రెండో కంట్రోలర్ 5,990, ఒక ఆట 4,999, అరవై వేలు దాటింది. దాని మీద నాకు ఫిర్యాదు లేదు. ఘోస్ట్ ఆఫ్ సుషిమా అనే ఆటలో దారి చూపించడానికి బాణం గుర్తు ఉండదు, గాలి వీస్తుంది, గడ్డి ఎటు వంగితే అటు వెళ్లాలి. అది మొదటిసారి చూసినప్పుడు ఆట ఆపేసి అలా గడ్డినే చూస్తూ కూర్చున్నాను. కొత్త ఆటలు బాగోవు అని ఎవరైనా అంటే ఒప్పుకోను.

కానీ మా పాపకి తొమ్మిదేళ్లు. మొన్న రెండో కంట్రోలర్ తెచ్చుకుని నా పక్కన కూర్చుని, "నాన్నా, నేనెక్కడున్నా ఇందులో?" అని అడిగింది. ఎక్కడా లేదు. అల్మరాలో పన్నెండు డిస్కులు ఉన్నాయి, ఇద్దరు పక్కపక్కన కూర్చుని ఆడగలిగేవి వాటిలో రెండే. ఈ మార్పు ఎందుకొచ్చింది? మీ ఇళ్లలో ఎలా ఉంది?


కోఠి_కన్సోల్
డిసెంబర్ 27, రాత్రి 11:25

చాలా బాగా రాశారు అన్నా, జలపాతం దగ్గర మా తమ్ముడు ఏడ్చేవాడు. కానీ నా అభిప్రాయం వేరు, సూటిగా చెప్తాను.

మనం కలిసి ఆడింది ఆటల గొప్పతనం వల్ల కాదు, ఇంట్లో ఒకటే టీవీ ఉండటం వల్ల. క్యాసెట్ అద్దెకి తెచ్చుకుంటే ఆదివారం సాయంత్రానికి ఇచ్చేయాలి, అందుకని నలుగురం ఒక గదిలో కూర్చునేవాళ్లం. సూపర్ మారియోలో ఇద్దరు ఆడొచ్చు అంటారు, నిజానికి ఒకడు చస్తేనే రెండోవాడి వంతు. బాగా ఆడేవాడు ఇంట్లో ఉంటే రెండోవాడు, అంటే లుయీజీ రిమోట్ పట్టుకున్నవాడు, అరగంట ఊరికే కూర్చోవాలి. ఆ అరగంట కూర్చున్నవాణ్ణి నేను. అది నాకు తియ్యటి జ్ఞాపకం కాదు.

ఇంకో మాట. ఆ ఆటలు చాలా చిన్నవి. మారియో మొత్తం 40 కేబీ, ఇప్పుడు వాట్సాప్‌లో వచ్చే గుడ్ మార్నింగ్ ఫోటో అంతకంటే పెద్దది. చేయి తిరిగినవాడు కాంట్రాని అరగంటలోపే ముగించగలడు. మనకి వేసవంతా పట్టిందంటే కారణం లైఫులన్నీ అయిపోతే మళ్లీ మొదటికి రావడమే, ఆట చిన్నదన్న సంగతి ఆ కష్టం వెనక దాక్కుంది. ఇప్పటి ఆటలో యాభై గంటల కథ, మనుషుల ముఖాల్లో బాధ కనిపిస్తుంది, సంగీతం వింటే ఒళ్లు జలదరిస్తుంది. దాన్ని ఒక్కడే కూర్చుని, లైటు తీసేసి, పుస్తకం చదివినట్టు ఆడాలి. పుస్తకం ఇద్దరు కలిసి చదవట్లేదని బాధపడం కదా.


టంకం_డబ్బా
డిసెంబర్ 28, ఉదయం 7:10

ఇందులో యంత్రం పని తీరు కూడా ఉంది, అది చెప్తాను. పాత కన్సోళ్లు బాగుచేయడం నా అలవాటు, ఇరవై ఏళ్లుగా.

పాత డబ్బాలో వెనక ఒక బొమ్మ తెర, దాని ముందు కదిలే చిన్న ముక్కలు. ఒకేసారి 64 ముక్కలు, ఒక అడ్డ గీత మీద 8 మించి గీయలేదు. అందుకే కాంట్రాలో బుల్లెట్లు ఎక్కువైనప్పుడు మనుషులు మిణుకుమిణుకుమంటారు, అది టీవీ లోపం కాదు. ఎలాగూ ఉన్నది ఒకే తెర కాబట్టి రెండో మనిషిని అందులో పెట్టడానికి ఇంకొన్ని ముక్కలు ఖర్చవుతాయి, అంతే. జలపాతం దగ్గర చావు కూడా అక్కడి నుంచే వచ్చింది, ఇద్దరికీ కెమెరా ఒకటే.

3డీ ఆటలు వచ్చాక ఆ లెక్క మారిపోయింది. ఇద్దరు చెరో దిక్కుకి పోతే రెండు కెమెరాలు కావాలి, ప్రపంచాన్ని రెండుసార్లు గీయాలి. సెకనుకి 60 ఫ్రేములు, అంటే 60 బొమ్మలు, గీయాలంటే ఒక్కో ఫ్రేముకి దాదాపు 16.7 మిల్లీసెకన్లు, ఆ టైములోనే రెండు బొమ్మలూ అయిపోవాలి. 1997లో నింటెండో 64 మీద గోల్డెన్‌ఐ అనే ఆటని నలుగురు ఆడినప్పుడు ఆట నత్తనడక నడిచేది, అయినా ఎవరూ పట్టించుకోలేదు, ముందు వైపు నాలుగు పోర్టులున్న డబ్బా అది. ఇప్పుడు ఒక ఫ్రేము పడిపోతే వీడియో తీసి పెడతారు. బాల్డర్స్ గేట్ 3 అనే ఆట సంగతి తెలుసా? 2023లో అది మైక్రోసాఫ్ట్ వాళ్ల కన్సోల్ ఎక్స్‌బాక్స్‌కి ఆలస్యంగా రావడానికి కారణం ఇదే, సిరీస్ ఎస్ అనే చిన్న కన్సోల్ మీద స్క్రీన్ రెండుగా చీల్చి (స్ప్లిట్ స్క్రీన్) ఆడించలేకపోయారు. చివరికి అందులో ఆ సదుపాయం లేకుండానే విడుదల చేయనిచ్చారు, 2025లో అప్‌డేట్‌గా ఇచ్చారు. ఎక్స్‌బాక్స్‌కి పేరు తెచ్చిందే హేలో అనే ఆట, 2001లో ఇద్దరు స్నేహితులు ఒక టీవీ ముందు కూర్చుని కథంతా ఆడారు. అదే హేలో ఇన్ఫినిట్‌లో కథ భాగానికి స్ప్లిట్ స్క్రీన్ ఇస్తామని చెప్పి 2022లో మానేశారు.

కాబట్టి తయారుచేసేవాళ్లకి మనసు లేదు అనడం తొందరపాటు. పని రెట్టింపు, ఆడేవాళ్లు తక్కువ.


పీజీ_రూమ్_204
డిసెంబర్ 28, మధ్యాహ్నం 1:15

అన్నలందరికీ నమస్తే, నాకు 21. మీరు చెప్పే క్యాసెట్ నేను చూడలేదు, పీఎస్4తో మొదలుపెట్టాను.

కలిసి ఆడటం పోయింది అంటున్నారు, నాకు అలా లేదు. మేము ఇంటర్ నుంచి నలుగురం. ఒకడు జర్మనీలో ఎంఎస్, ఒకడు పుణెలో, నేను మాదాపూర్‌లో పీజీలో, ఇంకొకడు ఇంటి దగ్గరే తణుకులో. శుక్రవారం రాత్రి పదకొండుకి నలుగురం హెడ్‌సెట్లు పెట్టుకుంటాం. సగం సేపు ఆట, సగం సేపు మాటలు. జర్మనీలో ఉన్నవాడికి అక్కడ డిసెంబర్‌లో నాలుగింటికే చీకటి పడుతుంది, మొదటి ఏడాది చాలా ఒంటరిగా ఉన్నాడు, ఆ శుక్రవారాలు లేకపోతే ఏమైపోయేవాణ్ణో అని వాడే చెప్పాడు. ఆట ఓడిపోయినా ఒక్కోసారి ఎవరూ లాగౌట్ అవ్వరు, లాబీలో అలా నిలబడి మాట్లాడుకుంటూనే ఉంటాం. మీ అక్క రాయి మీద ఆగినట్టే కదా అన్నా అది కూడా?


ఎర్ర_ప్యాంటు
డిసెంబర్ 28, మధ్యాహ్నం 2:05

తమ్ముడూ, అలాంటిదే. నేను ఈ కోణంలో ఆలోచించలేదు. సోఫా ఒక్కటే చోటు అనుకున్నాను, నిజమే, జర్మనీకి సోఫా చేరదు. కానీ ఒక్క తేడా ఉంది, మీ నలుగురికీ నాలుగు కన్సోళ్లు, నాలుగు టీవీలు, ఆట నాలుగుసార్లు కొనాలి, పీఎస్4 నుంచి ఆన్‌లైన్ ఆడాలంటే నెలనెలా చందా కూడా కట్టాలి, పీఎస్3లో అది ఉచితమే. ఒక ఇంట్లో ఉన్న ఇద్దరు పిల్లలకి ఈ దారి లేదు. మా నాన్న జీతంలో రెండు డబ్బాలు కొనగలిగేవారు కాదు.


పీజీ_రూమ్_204
డిసెంబర్ 28, మధ్యాహ్నం 2:20

అది నిజం అన్నా. చందా కోసం ముగ్గురం ఒక కార్డు వాడుకున్న రోజులు ఉన్నాయి.


టెక్సాస్_గోదావరి
డిసెంబర్ 29, ఉదయం 6:30

డాలస్ దగ్గర ఉంటాం, ఊరు రాజోలు. మా ఇంట్లో రెండో రిమోట్ బతికే ఉందండి, నింటెండో స్విచ్ వల్ల. 2017లో వచ్చిన ఆ డబ్బాలో రెండు వైపులా ఉండే చిన్న జాయ్‌కాన్లు ఊడదీసి, అడ్డంగా పట్టుకుంటే చెరో కంట్రోలర్ అవుతుంది. అంటే కొన్న రోజే ఇద్దరు ఆడొచ్చు, విడిగా ఏదీ కొనక్కర్లేదు. శనివారం తెలుగు కుటుంబాలు మా ఇంట్లో భోజనానికి కలిస్తే పిల్లలు నలుగురు మారియో కార్ట్ 8 ముందు కూర్చుంటారు, టీవీ నాలుగు ముక్కలవుతుంది. ఆ ఆట ఆరు కోట్లకి పైగా అమ్ముడుపోయింది, కాబట్టి పక్కన కూర్చుని ఆడేవాళ్లు తక్కువ అన్న మాటని నేను ఒప్పుకోను. ఇస్తే ఆడతారు. మన దగ్గర నింటెండో నేరుగా అమ్మదు కాబట్టి ఇండియాలో చాలామందికి ఇది తెలియకుండా పోతోంది, మా బావమరిదికి నేనే తీసుకెళ్లి ఇచ్చాను.

నన్ను బాధపెట్టే విషయం వేరే. పాత క్యాసెట్‌లో ఆట మొత్తం ఉండేది. దాన్ని అటక మీద పడేసి ముప్పై ఏళ్ల తర్వాత తీసి పెట్టినా ఆడుతుంది. 2025లో వచ్చిన స్విచ్ 2కి గేమ్ కీ కార్డు అని ఒకటి పెట్టారు, పెట్టెలో కార్డు ఉంటుంది, కార్డులో ఆట ఉండదు, దాన్ని పెట్టాక ఇంటర్నెట్ నుంచి ఆట దింపుకోవాలి. ఆ సర్వర్లు ఎన్నాళ్లు ఉంటాయి? నింటెండో పాత కన్సోళ్లు 3డీఎస్, వీ యూల ఆన్‌లైన్ దుకాణాలు 2023 మార్చిలో మూసేశారు. ఎక్స్‌బాక్స్ 360 దుకాణం 2024 జులైలో మూసేశారు. వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క తీస్తే, అమెరికాలో 2010కి ముందు వచ్చిన ఆటల్లో 87 శాతం ఇప్పుడు బజార్లో కొనడానికి దొరకడం లేదని తేలింది. నూటికి పదమూడే మిగిలాయి. ఈ సంఖ్య చదివినప్పుడు నాకు నిద్ర పట్టలేదు, నిజంగా.


కోఠి_కన్సోల్
డిసెంబర్ 29, ఉదయం 9:00

దీంట్లో మాత్రం మీతో నూటికి నూరు శాతం ఏకీభవిస్తాను. ద క్రూ అని కార్ల ఆట, 2014లో వచ్చింది, 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు. ఒంటరిగా ఆడుకునేవాడికి కూడా ఆ డిస్కు ఇక పనికిరాదు, ఎందుకంటే ప్రతిదీ సర్వర్‌కి కట్టి ఉంది. దాని మీదే స్టాప్ కిల్లింగ్ గేమ్స్ ఉద్యమం మొదలైంది, యూరప్‌లో 2025 జులైకి సంతకాలు పది లక్షలు దాటాయి. కాలిఫోర్నియాలో కొత్త చట్టం తెచ్చారు, డిజిటల్ వస్తువు అమ్మేటప్పుడు ఇది సొంతం కాదు, లైసెన్స్ మాత్రమే అని స్పష్టంగా చెప్పాలి అని. చెప్తే సరిపోదు, ఆపేసే ముందు ఇంట్లో ఆడుకునే దారి ఒకటి వదిలి వెళ్లాలి. డబ్బులు తీసుకున్నవాళ్లకి ఆ మాత్రం బాధ్యత ఉండాలి.

మన ఊరి సంగతి ఒకటి చెప్తాను. 2009లో పీఎస్2కి హనుమాన్: బాయ్ వారియర్ అని ఆట వచ్చింది. చేసింది మన హైదరాబాద్‌లోనే, ఔరోనా టెక్నాలజీస్. పూర్తిగా ఇండియాలో తయారైన మొదటి పీఎస్2 ఆటగా దానికి గుర్తింపు. నేను ఆబిడ్స్‌లో కొన్నాను. ఆట గొప్పగా ఉందని చెప్పను, దూకితే ఎక్కడ పడతామో తెలిసేది కాదు, కెమెరా మాట వినేది కాదు. కానీ మన ఊరివాళ్లు చేసిన డిస్కు సోనీ డబ్బాలో తిరుగుతోందన్న సంతోషం నాకు ఇప్పటికీ గుర్తుంది. 2020లో పుణె వాళ్లు రాజీ అనే ఆట చేసినప్పుడు అదే సంతోషం మళ్లీ కలిగింది, అది చూడటానికి ఎంత బాగుందో. ఆ హనుమాన్ డిస్కు నా దగ్గర భద్రంగా ఉంది. దాన్ని ఎవరూ దూరం నుంచి ఆపలేరు.


వైజాగ్_లక్ష్మి
డిసెంబర్ 30, రాత్రి 9:50

రోజూ చదువుతున్నాను, ఇవాళ రాయాలనిపించింది.

మా తమ్ముడికి చిన్నప్పటి నుంచి చూపు చాలా తక్కువ. టీవీకి జానెడు దూరంలో కూర్చుంటే రంగులు తెలుస్తాయి, వస్తువులు విడివిడిగా తెలియవు. మా ఇంట్లోనూ ఆ డబ్బా ఉండేది. వాడు మొదటి రిమోట్ పట్టుకునేవాడు, నేను పక్కన కూర్చుని, "గొయ్యి వస్తోంది, ఆగు, ఇప్పుడు దూకు" అని చెప్పేదాన్ని. రెండో రిమోట్ నా ఒళ్లో ఊరికే ఉండేది. అలా చెప్తూ మారియో మొదటి ప్రపంచం నాలుగు స్టేజీలూ దాటించాను. ఆ రోజు వాడు వీధంతా పరిగెత్తి చెప్పాడు.

తర్వాత వాడు ఆటలు మానేశాడు. నాకు పెళ్లయి వచ్చేశాను, చెప్పేవాళ్లు లేరు.

నాలుగేళ్ల కింద వాడి స్నేహితుడు ద లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2 అనే ఆట పెట్టి ఇచ్చాడు. అందులో చూపు తక్కువ లాంటి ఇబ్బందులు ఉన్నవాళ్లు కూడా ఆడటానికి అరవైకి పైగా సెట్టింగులు ఉన్నాయి. ఒకటి పెడితే చుట్టూ ఉన్నదంతా బూడిదరంగులోకి పోతుంది, మనవాళ్లు నీలంగా, శత్రువులు ఎర్రగా, తీసుకోవాల్సిన వస్తువులు పసుపుగా కనిపిస్తాయి. మెనూలో రాసినదంతా చదివి వినిపిస్తుంది. దారి తప్పితే ఒక బటన్ నొక్కితే ఎటు వెళ్లాలో అటు తిప్పుతుంది. పూర్తిగా చూపు లేనివాళ్లు కూడా ఆ ఆటని చివరిదాకా ఆడారు. మా వాడు మూడు వారాలు ఆడి ముగించాడు, ఒక్కడే. అర్ధరాత్రి ఫోన్ చేశాడు, "అక్కా, ఎవరూ చెప్పకుండా ఆడాను" అని. నేను ఏడ్చాను.

ఇప్పుడు స్ట్రీట్ ఫైటర్ 6 అనే కొట్లాట ఆట ఆడుతున్నాడు. ఎదుటివాడు ఎంత దూరంలో ఉన్నాడో, దెబ్బ పైనుంచి వచ్చిందో కిందినుంచి వచ్చిందో వేరు వేరు శబ్దాలతో తెలుస్తుంది. మొన్న వెళ్లినప్పుడు నన్నే ఓడించాడు, పక్కపక్కన కూర్చుని, ఒకే టీవీ మీద.

పాత ఆటలంటే నాకూ ప్రాణమే. కానీ ఆ డబ్బాలో వాడికి చోటు లేదు, నా నోటి మాట మీద ఆడాడు. ఎవరు పక్కన కూర్చున్నారన్నది ఎంత ముఖ్యమో, ఎవరూ పక్కన లేకపోయినా ఆడగలగడం కొందరికి అంతే ముఖ్యం అండీ.


ఎర్ర_ప్యాంటు
డిసెంబర్ 30, రాత్రి 10:30

లక్ష్మి గారూ, మీ మాటలు రెండుసార్లు చదివాను. మా ఆవిడకి కూడా చదివి వినిపించాను. మీ తమ్ముడికి నా అభినందనలు చెప్పండి. ఘోస్ట్ ఆఫ్ సుషిమాలో గాలి నాకు అందం, అలాంటి ఆలోచనే ఇంకో ఆటలో మీ తమ్ముడికి దారి అయింది. పన్నెండు డిస్కుల్లో సెట్టింగులు ఒక్కసారి కూడా నేను తెరిచి చూడలేదు, ఇవాళ అన్నీ తెరిచి చూశాను.


అమలాపురం_ఆటగాడు
జనవరి 2, సాయంత్రం 6:15

పాపతో ఆడటానికి ఏమున్నాయో ఎవరూ చెప్పలేదు, నేను చెప్తాను. మా అబ్బాయికి పదేళ్లు, ఇవన్నీ మేము ఆడినవే.

ఇట్ టేక్స్ టూ ముందు తీసుకోండి. స్వీడన్‌లో హేజ్‌లైట్ అనే చిన్న స్టూడియో చేసింది, 2021లో ఆ ఏడాది ఉత్తమ ఆటగా ద గేమ్ అవార్డ్స్‌లో గెలిచింది. దాన్ని ఒక్కరు ఆడటానికి వీల్లేదు, ఇద్దరు ఉంటేనే మొదలవుతుంది. ఒకరి చేతిలో మేకులు, ఇంకొకరి చేతిలో సుత్తి. ఒకరు మేకు విసిరి గోడకి గుచ్చితే రెండోవాళ్లు దాన్ని పట్టుకుని వేలాడాలి. మా వాడు మేకు తీసేసుకుంటే నేను పడిపోయేవాణ్ణి, "సారీ నాన్నా" అని మళ్లీ వేసేవాడు. విడాకులు తీసుకోబోతున్న తల్లిదండ్రుల కథ అది, మధ్యలో ఒకటి రెండు చోట్ల పిల్లలకి బాధ కలిగించే దృశ్యాలున్నాయి, ముందే తెలుసుకుని పక్కనే ఉండండి. వాళ్లదే స్ప్లిట్ ఫిక్షన్ 2025 మార్చిలో వచ్చింది, అది ఇంకా బాగుంది కానీ పాప ఇంకో రెండేళ్లు పెరిగాక. ఈ ఆటలకి ఒక్క కాపీ చాలు, ఆన్‌లైన్‌లో ఆడినా రెండోవాళ్లు కొనక్కర్లేదు. పీజీ రూమ్ తమ్ముడికి కూడా ఇది పనికొస్తుంది.

మీకు కాంట్రా మీద అంత ప్రేమ ఉంది కాబట్టి కప్‌హెడ్. బొమ్మలన్నీ చేత్తో గీసినవి, 1930ల కార్టూన్ల తీరులో. పక్కవాడు చస్తే వాడి ఆత్మ మెల్లగా పైకి ఎగురుతుంది, అది స్క్రీన్ దాటేలోపు మనం ఎగిరి తగిలితే బతుకుతాడు. బాస్ ఎదురుగా కాలుస్తుంటే పని వదిలేసి వాణ్ణి బతికించడానికి దూకాలా వద్దా అన్న ఆ క్షణం ఉంది చూడండి, దాని కోసమే ఆడతాం మేము.


ఎర్ర_ప్యాంటు
జనవరి 5, రాత్రి 9:20

ఇట్ టేక్స్ టూ తెప్పించాను. పాప రెండు రోజులుగా స్కూలు నుంచి రాగానే "సుత్తి నాది" అంటోంది. చాలా థ్యాంక్స్ అండీ.

ఇంకో సంగతి. ఈ చర్చ చదివి మా అమ్మకి ఫోన్ చేస్తే పాత డబ్బా అటక మీద ఉందని చెప్పింది. తెచ్చాను. అడాప్టర్ మార్చాను, ఆన్ అయింది. క్యాసెట్ పట్టకపోతే ఊదాను, పట్టింది. కానీ తుపాకీతో బాతుల ఆట ఆడితే ఒక్క బాతూ పడటం లేదు. తుపాకీ పోయిందా? టీవీ 43 అంగుళాల ఎల్ఈడీ.


టంకం_డబ్బా
జనవరి 6, ఉదయం 6:50

ముందు ఊదడం ఆపండి, దయచేసి. నోటి తడి రాగి గీతలకి తగిలి పచ్చగా తుప్పు పడుతుంది. అప్పట్లో ఊదితే పట్టిందనుకున్నాం కానీ, తీసి మళ్లీ పెట్టడం వల్లే పట్టేది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఇయర్ బడ్ ముంచి పళ్ల లాంటి ఆ గీతల మీద రుద్దండి, నల్లగా వస్తుంది, తెల్లగా వచ్చేదాకా రుద్ది పది నిమిషాలు ఆరబెట్టండి. క్యాసెట్ విప్పితే కంగారుపడకండి, అంత పెద్ద డబ్బాలో అగ్గిపెట్టె అంత బోర్డు, మధ్యలో నల్ల బొట్టు ఒకటి ఉంటుంది. ఆటలన్నీ ఆ బొట్టు కిందే ఉన్నాయి, దాన్ని గోకొద్దు.

తుపాకీ బాగానే ఉండి ఉంటుంది. అది కాల్చేది కాదు, చూసేది. గొట్టంలో కాంతిని పసిగట్టే సెన్సర్ ఉంది. ట్రిగ్గర్ నొక్కగానే స్క్రీన్ ఒక్క ఫ్రేము మొత్తం నల్లగా అవుతుంది, తర్వాతి ఫ్రేములో బాతు ఉన్నచోట తెల్ల చతురస్రం వస్తుంది. నలుపు తర్వాత వెంటనే తెలుపు కనపడితే తగిలినట్టు. పాత బొద్దు టీవీలో గీత గీతగా కాంతి వెంటనే వస్తుంది, తుపాకీ ఆ వేగానికి సరిపడా చేసినది. ఎల్ఈడీ టీవీ బొమ్మని కాసేపు తన దగ్గర ఉంచుకుని, సవరించి అప్పుడు చూపిస్తుంది. ఆ తెల్ల చతురస్రం వచ్చేసరికి డబ్బా చూడటం మానేసి ఉంటుంది. అందుకే ఒక్క బాతూ పడదు.

కాంట్రా కూడా కొత్త టీవీ మీద చేతికి అందనట్టు ఉంటుంది, దూకు నొక్కాక ఒక క్షణం తర్వాత దూకుతాడు. టీవీ సెట్టింగుల్లో గేమ్ మోడ్ పెట్టండి, కొంత నయం. బాగా ఆడాలంటే బొద్దు టీవీ ఒకటి వెతకండి, చాలామంది ఊరికే ఇచ్చేస్తున్నారు. దాని వెనక మూత మాత్రం విప్పొద్దు, ప్లగ్గు పీకేసినా లోపల కరెంటు నిలిచి ఉంటుంది, ప్రమాదం.


ఎర్ర_ప్యాంటు
జనవరి 17, రాత్రి 11:05

పండక్కి ఊరెళ్లి ఇవాళే వచ్చాం. పిన్ని వాళ్లింట్లో 21 అంగుళాల బొద్దు టీవీ దొరికింది, ఇద్దరం మోసి నడవాలో పెట్టాం. భోగి రోజు అక్క వచ్చింది. టీవీ, డబ్బా చూసి ఏమీ అనలేదు, చీర కుచ్చిళ్లు సర్దుకుని కింద చాప మీద కూర్చుని మొదటి రిమోట్ తీసుకుంది. ముప్పై ఏళ్లయినా మొదటి రిమోట్ ఎవరిదని అడగనే లేదు.

మొదటి స్టేజీలోనే నాలుగు లైఫులు పోయాయి, ఇద్దరికీ కలిపి. రెండో రోజుకి చేతులు అలవాటుపడ్డాయి. ఒకేసారి చాలా బుల్లెట్లు చిమ్మే ఎస్ తుపాకీ పడితే "నువ్వు తీసుకో" అని అక్క వెనక్కి జరిగింది, చిన్నప్పుడు ఎప్పుడూ ఇవ్వలేదు. కనుమ మధ్యాహ్నం జలపాతం దగ్గరికి వచ్చాం. నేను సగంలో ఆగిపోయాను, పైనుంచి పెద్ద బండ దొర్లుతోంది. తను పైరాయి మీద పడుకుంది. పాప నా పక్కన కూర్చుని, "అత్త ఎందుకు వెళ్లట్లేదు నాన్నా" అని అడిగింది. "మీ నాన్న రావాలిగా" అంది అక్క, స్క్రీన్ మీంచి కళ్లు తిప్పకుండా.

తర్వాత రెండో రిమోట్ పాపకి ఇచ్చేశాను. సాయంత్రం దాకా వాళ్లిద్దరే ఆడారు. అక్క ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది.

టంకం అన్నా, మీకో ప్రశ్న. రెండో రిమోట్‌లో 'ఏ' (A) అనే బటన్ గట్టిగా నొక్కితే తప్ప పనిచేయడం లేదు, పాప బొటనవేలు ఎర్రగా కందిపోయింది. లోపల రబ్బరు అరిగిపోయినట్టుంది. విడిగా దొరుకుతుందా, కొత్త రిమోటే కొనాలా?


టంకం_డబ్బా
జనవరి 18, ఉదయం 6:40

రబ్బరు కింద నల్ల చుక్క ఉంటుంది, అది అరిగితే అంతే. ముందు వెనక స్క్రూలు విప్పి, ఆ చుక్కని, బోర్డు మీది గీతల్ని ఆల్కహాల్‌తో తుడవండి, సగం కేసుల్లో దానికే సరిపోతుంది. కాకపోతే ఏ, బీ బటన్ల రబ్బర్లు పెద్దగా తేడా ఉండవు, తక్కువగా వాడే బటన్ రబ్బరు అక్కడ పెట్టి చూడండి. కొత్తదే కొంటే ప్లగ్గు చూసి కొనండి, మీ డబ్బాకి 9 పిన్నులదా 15 పిన్నులదా అని. బజార్లో రెండూ ఉన్నాయి, ఒకదానిలో ఒకటి పట్టదు. ప్లగ్గు ఫోటో పెట్టండి, చెప్తాను.


ఎర్ర_ప్యాంటు
జనవరి 18, ఉదయం 8:15

లెక్కపెట్టాను, 9. సాయంత్రం విప్పి తుడుస్తాను. స్క్రూలు పాప విప్పుతానంటోంది.